ఆగిన పరుగును మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?



ఈ హాస్టల్ అన్నం ఐదేళ్ళు తిన్నవాణ్ణి నేను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి కూడా. వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని వార్డెన్ సార్ అడిగారు. నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం పరుగు గురించి. అందుకే అదే రాస్తున్నాను.

నాకు జరిగింది

ఇంటర్‌లో ఉండగా 1600 మీటర్లు 6 నిమిషాల 10 సెకన్లలో పరుగెత్తేవాణ్ణి. కానిస్టేబుల్ ఉద్యోగానికి పురుషులకు పెట్టే పరుగు కూడా 1600 మీటర్లే. అదొక లెక్కా అనుకునేవాణ్ణి. డిగ్రీ చివరి ఏడాది టైఫాయిడ్ వచ్చింది. ఆ తర్వాత పరీక్షలు. అలా ఐదు నెలలు గ్రౌండు ముఖం చూడలేదు. ఇంతలో ప్రాథమిక రాతపరీక్షలో పాసై, దేహదారుఢ్య పరీక్షకు పిలుపు అందుకున్నాను.

ఒక తెల్లవారుజామున మన హాస్టల్ గ్రౌండుకే వచ్చి పాత వేగంతో పరుగు మొదలుపెట్టాను. ఎనిమిది రౌండ్లు తిరగవలసినవాణ్ణి, మూడో రౌండులోనే డొక్క పట్టుకుని కూలబడ్డాను. బ్రష్ చేసుకుంటున్న చిన్నపిల్లలు "అన్నకేమైంది?" అని ఒకరినొకరు అడుక్కున్నారు. ఆ మాట నా చెవుల్లో ఉండిపోయింది.

ఎంపిక రోజున నేను వెళ్ళలేదు. దరఖాస్తు ఫీజు అమ్మ డ్వాక్రా సంఘం అప్పులోంచి కట్టింది. అయినా వెళ్ళలేదు. కాలు బెణికిందని ఇంట్లో అబద్ధం చెప్పాను. నా భయం ఓడిపోతానని కాదు, నలుగురి ముందు ఆగిపోతానని.

శరీరంలో ఏమవుతుంది?

ఆ రోజు నేను చేతగానివాణ్ణి అయిపోయానని అనుకున్నాను. నిజం అది కాదు. పరుగు ఆపిన మొదటి రెండు మూడు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా అనే ద్రవభాగం తగ్గడం మొదలవుతుంది. అప్పుడు గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గుతుంది. పాత వేగం అందుకోవాలంటే అది ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. విరామం ఇంకా పెరిగితే, ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి కండరాల్లో కూడా తగ్గుతుంది. ఆయాసం రావడానికి ఇదీ కారణం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంకొక సంగతి. మళ్ళీ సాధన మొదలుపెడితే గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే కుదురుకుంటాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే నరాలవంటి స్నాయువులు గట్టిపడటానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. "ఊపిరి బాగుంది కదా" అని దూరం పెంచేస్తే ముంగాలి ఎముక దగ్గర నొప్పి వచ్చేది అందుకే.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎం.ఏ.లో చేరాక ఆల్బర్ట్ బండూరా (1925–2021) అనే మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చదివాను. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆయన 1977లో వివరించారు.

1. స్వయంగా సాధించిన అనుభవం. అన్నిటిలో బలమైనది ఇదే. అందుకే మొదటి రోజు లక్ష్యం తప్పకుండా పూర్తి చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది.

2. మనలాంటివారు సాధించడం చూడటం. పి.టి. ఉష 1985లో జకార్తాలో జరిగిన ఆసియా పోటీల్లో ఐదు స్వర్ణాలు గెలిచారు. 1991లో వివాహమయ్యాక కొన్నేళ్ళు ట్రాక్‌కు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చి 1998లో ఫుకువోకాలో జరిగిన ఆసియా పోటీల్లో 200, 400 మీటర్ల పరుగుల్లో కాంస్యాలు తెచ్చారు. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు. ఒకప్పటి స్వర్ణాలు తలచుకుని ఇంట్లో కూర్చుంటే ఆ కాంస్యాలు వచ్చేవి కావు.

3. నమ్మదగినవారి మాట. ఎవరైనా ఆగిపోతే "ఏమైంది?" అని నవ్వకండి. "రేపు నేనూ వస్తా, కలిసి తిరుగుదాం" అనండి.

4. శరీరం చెప్పేదాన్ని అర్థం చేసుకునే తీరు. గుండె దడదడ కొట్టుకోవడం ఓటమికి గుర్తు కాదు. అది తన పని తాను చేస్తోందని తెలుసుకుంటే సగం భయం పోతుంది.

అరపూట కూలి

పుస్తకంలో చదివిన ఈ మాట మా అమ్మకు ముందే తెలుసు. నిరుడు ఆమె చికున్‌గున్యాతో నెల రోజులు మంచం పట్టింది. లేచాక వారం పాటు కలుపు తీతకు అరపూటే పోయింది. "సగం కూలికి పోవుడెందుకమ్మా?" అన్నాను. "ముందు ఒళ్ళు అలవాటు పడాలె గదరా. అటెన్క పూట అదే నిండుతది" అంది. ఆ సాయంత్రమే నేను మళ్ళీ బూట్లు తీశాను.

ఆరు వారాల సాధన

వారానికి మూడు రోజులు చాలు: సోమ, బుధ, శుక్రవారాలు. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు చురుగ్గా నడవాలి.

1వ వారం: 1 నిమిషం మెల్లగా పరుగు, 2 నిమిషాల నడక. ఇలా 7 సార్లు.
2వ వారం: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక. 5 సార్లు.
3వ వారం: 3 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 5 సార్లు.
4వ వారం: 5 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 4 సార్లు.
5వ వారం: 10 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 2 సార్లు.
6వ వారం: 20 నిమిషాలు ఆగకుండా మెల్లని పరుగు.

ఏ వారమైనా కష్టమనిపిస్తే ఆ వారాన్నే మళ్ళీ చేయండి. ఫెయిలైనట్టు కాదు.

గుర్తుంచుకోవలసినవి

• పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. మాట రాకపోతే వేగం తగ్గించాలి.
• ఆరు వారాలు స్టాప్‌వాచ్ ముట్టుకోవద్దు. పాత టైముతో పోల్చుకోవద్దు.
• నోటుబుక్కు చివరి పేజీలో తేదీ వేసి, చేసినంత రాసుకోండి. నమ్మకం సడలిన రోజున ఆ పేజీ తిరగేయండి.
• జ్వరం ఉన్నప్పుడు పరుగెత్తవద్దు. టైఫాయిడ్, డెంగ్యూ వంటివి వచ్చి తగ్గితే డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.
• ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి వార్డెన్‌కు చెప్పండి.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని పెద్దలు అంటారు. ఆ సామెత వద్దన్నది ఆత్రాన్ని. పరుగును కాదు.

చివరి మాట

ఇప్పుడు నేను 1600 మీటర్లు 6 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేస్తున్నాను. ఇంటర్ నాటి టైముకు ఇంకా 40 సెకన్లు వెనకే. కానీ ఆగడం లేదు. ఈసారి నోటిఫికేషన్ వస్తే, ఎంపికైనా కాకపోయినా, గీత దగ్గర నిలబడతాను. నమ్మకం వచ్చాక పరుగెత్తుదామని కూర్చుంటే అది రాదు. నాలుగు అడుగులు మనం వేస్తేనే అది వెంట వస్తుంది.

మా అమ్మకు చదువు రాదు. ఈ పుస్తకం అచ్చయ్యాక నేనే చదివి వినిపించాలి. కాలు బెణకలేదన్న సంగతి కూడా.

– ఎం.ఏ. (సైకాలజీ) చివరి సంవత్సరం, హాస్టల్ పూర్వ విద్యార్థి