రిటర్న్ వేస్తే కిసాన్ డబ్బులు ఆగిపోతాయా? అశోక్‌నగర్ సార్ లెక్క చూద్దాం

పై వీడియో ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో కూరగాయలు దింపేటప్పుడు తీసింది. జీవామృతం గురించి మాట్లాడదామని మొదలుపెట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర తేలాం. వీడియోలో హడావుడిగా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

మా దగ్గర ఆకుకూరలు, గానుగ నూనె తీసుకునే ఒక సార్ ఉన్నారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లలకు పాఠాలు చెప్తారు. ఊరు నల్గొండ జిల్లా, ఆయన పేరు మీద 2 ఎకరాలుంది. మేడమ్ నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. సార్‌కి నెలకు 40,000 ఇస్తారు, కానీ జీతంగా కాదు, ఫీజు కింద. అందుకని అందులో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అంటే ఏడాదికి 4,80,000 మీద 48,000 పోతోంది. "రిటర్న్ వేశారా సార్?" అంటే "వద్దు తమ్ముడూ, రిటర్న్ వేస్తే పీఎం కిసాన్ ఆపేస్తారట, ఊళ్లో చెప్పారు" అన్నారు.

పీఎం కిసాన్ ఏడాదికి 6,000. అది పోతుందేమోనని ఆయన 48,000 వదిలేస్తున్నారు. 8 ఏళ్ల కిసాన్ సొమ్ము ఒక్క ఏడాదిలో!

ఇక్కడ రెండు లెక్కలు కలగలిసిపోయాయి. విడదీసి చూడండి.

మొదటిది పన్ను రిబేటు. 1961 చట్టంలో దాన్ని 87ఏ అంటారు. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60,000 దాకా పన్ను కొట్టేస్తారు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12,75,000 దాకా చెల్లుతుంది. పాత పద్ధతి ఎంచుకుంటే హద్దు 5 లక్షలే, రిబేటు 12,500. ఇది మనిషికి వర్తించేది, అదీ ఇండియాలో రెసిడెంట్ అయిన వ్యక్తికి. కంపెనీకి, పార్ట్‌నర్‌షిప్‌కి, ఉమ్మడి కుటుంబం పేరు మీద తీసిన పాన్‌కి రాదు. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. షేర్లు అమ్మిన లాభం, లాటరీ లాంటి ప్రత్యేక రేటు ఆదాయాల మీద పన్నునూ కొత్త పద్ధతిలో ఈ రిబేటు కొట్టెయ్యదు.

సార్ లెక్క వేద్దాం. 4 లక్షల వరకు పన్ను లేదు. మిగిలిన 80,000 మీద 5 శాతం, 4,000. రిబేటుతో అదీ సున్నా. కట్టాల్సింది సున్నా, పట్టుకున్నది 48,000. కానీ రిటర్న్ వేసి అడిగితేనే వెనక్కి వస్తుంది, దానంతట అది రాదు. పాన్‌తో కలిపి వెరిఫై చేసిన బ్యాంకు ఖాతా ఉండాలి.

అమెరికాలో 1975 నుంచి ఉన్న ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్ వేరు. అక్కడ తక్కువ సంపాదించే కుటుంబానికి పన్ను లేకపోయినా క్రెడిట్ సొమ్ము చేతికిస్తారు. మన రిబేటు పన్నును సున్నా దాకా తగ్గించి ఆగుతుంది. రిఫండ్ అంటే మన డబ్బే మనకు రావడం.

రెండోది పీఎం కిసాన్. ఇది కుటుంబం లెక్క. కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు, అంతే. వాళ్లలో ఒక్కరు కిందటి అసెస్‌మెంట్ ఇయర్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినా కుటుంబం మొత్తానికి రాదు. నిబంధనలో ఉన్న మాట "పన్ను కట్టినవాళ్లు". రిటర్న్ వేసినవాళ్లు అని లేదు. సార్‌కి పన్ను సున్నా, మేడమ్ జీతం 22,000, అదీ సున్నా. రిటర్న్ తర్వాత వచ్చే ఇంటిమేషన్ కాపీ దాచుకోమన్నాను. వ్యవసాయ శాఖ వాళ్లు అడిగితే చూపించొచ్చు.

ఆయన ఇంకో భయం, నాన్నగారి పెన్షన్. నెలకు 10,000 లేదా అంతకంటే ఎక్కువ పెన్షన్ ఉంటే కిసాన్ రాదు, క్లాస్ ఫోర్ వాళ్లకు మినహాయింపు ఉంది. కానీ తండ్రి, పెళ్లయిన కొడుకు ఈ లెక్కలో వేర్వేరు కుటుంబాలు. తండ్రికి రాకపోయినా కొడుక్కి వస్తుంది, భూమి కొడుకు పేరు మీద ఉంటే. అదీ 2019 ఫిబ్రవరి 1 నాటికి ఉండాలి, తర్వాత వారసత్వంగా వచ్చిందైతే సరే. కౌలు రైతుకు రాదు. నా దృష్టిలో ఈ పథకంలో పెద్ద లోటు అదే, నిజంగా దున్నేవాడు బయటే ఉన్నాడు.

ఇప్పుడు మనలాంటి వాళ్ల సంగతి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని మొదటి ఏడాది నేను గానుగ నూనె డబ్బంతా వ్యవసాయం కిందే రాశాను. ఆడిటర్ చూసి నవ్వారు. పల్లీలు అమ్మితే వ్యవసాయం, నూనె తీసి అమ్మితే వ్యాపారం. అయితే మన పొలంలో పండిన పల్లీలకు మార్కెట్ ధర కట్టి తీసెయ్యొచ్చు. ఉదాహరణకు నూనె అమ్మకం 4,60,000, పల్లీల మార్కెట్ విలువ 3,00,000, గానుగ, సీసాల ఖర్చు 60,000 అనుకోండి. వ్యాపార ఆదాయం లక్ష రూపాయలే. ఆ 3 లక్షల్లో సాగు ఖర్చు పోను మిగిలింది వ్యవసాయ ఆదాయం. నారు పెంచి అమ్మితే వ్యవసాయమే. పాలు, నెయ్యి, కోళ్లు కాదు. ఆవు మన ప్రకృతి వ్యవసాయానికి ప్రాణమే గానీ ట్యాక్స్ చట్టం ఆ మాట వినదు!

వ్యవసాయ ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే రేటు లెక్క కోసం రెండూ కలుపుతారు. వ్యాపారం 8 లక్షలు, వ్యవసాయం 3 లక్షలు అనుకోండి. 11 లక్షలకు పన్ను 50,000. అందులోంచి 7 లక్షలకు పడే 15,000 తీసేస్తే 35,000. మొత్తం ఆదాయం కింద చూసేది 8 లక్షలే కాబట్టి రిబేటు వర్తించి అదీ సున్నా. అయినా రిటర్న్‌లో వ్యవసాయ ఆదాయం చూపించాల్సిందే, పట్టా కాగితాలు, అమ్మకం బిల్లులు దగ్గర ఉంచుకోవాల్సిందే.

12 లక్షలు కాస్త దాటినవాళ్లు గాభరా పడకండి. 12,10,000 వస్తే పన్ను 61,500 కాదు, దాటిన 10,000 వరకే, పైన సెస్. కానీ అక్కడ పన్ను కట్టినట్టే, తర్వాత కిసాన్ ఆగుతుంది.

సార్ ఫోన్‌లోనే 26ఏఎస్ తీసి చూశాం. 2023-24లో, 2024-25లో కూడా 48,000 చొప్పున అలాగే పడి ఉన్నాయి. ఆ ఏళ్లకు రిటర్న్ గడువు దాటింది. ఆలస్యాన్ని మన్నించమని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన 5 ఏళ్లలోపు. ఎందుకు ఆలస్యమైందో కారణం రాయాలి. సార్ ఉన్నదున్నట్టే రాశారు, కిసాన్ పోతుందని భయపడ్డానని. జవాబు ఇంకా రాలేదు.