జొన్నకు ఎక్కని విషం బర్రెకు ఎక్కుతుంది

పొద్దున మేతకు తోలిన బర్రె బాగానే ఉంటుంది. జొన్న కోసిన చేలో నాము మేస్తుంది. కాసేపటికే ఎగరొప్పుతుంది. నోట నురగ వస్తుంది. తూలి పడిపోతుంది. "పాము ముట్టింది" అంటారు కొందరు. "దిష్టి తగిలింది" అంటారు ఇంకొందరు. చాలాసార్లు అది నాము విషమే.

నాము అంటే జొన్న మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు. వాటిని నమిలితే సైనైడ్ అనే విషం పుడుతుంది.

మరి జొన్న మొక్క ఎందుకు చావదు?

పొయ్యిలో కట్టెలున్నాయి. అగ్గిపెట్టె గూట్లో ఉంది. రెండూ కలవనిదే మంట రాదు కదా! జొన్న ఆకులోనూ అంతే. విషాన్నిచ్చే పదార్థం ఆకు పైపొరలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి పొరలో ఉంటుంది. పశువు నమిలితే రెండూ కలుస్తాయి. అప్పుడు విషం బయటికొస్తుంది.

ఎంజైము అంటే ఏమిటి? ఒక పదార్థాన్ని ఇంకొక పదార్థంగా త్వరగా మార్చేది. అది మన ఒంట్లోనూ ఉంటుంది, మొక్కల్లోనూ ఉంటుంది.

మొక్క పెరిగేటప్పుడు కూడా లోపల కొద్దిగా సైనైడ్ పుడుతుంది. దాన్ని వేరే ఎంజైములు పట్టుకుంటాయి. గంధకం ఉన్న ఒక పదార్థంతో కలుపుతాయి. చివరికి అది మొక్క ఎదుగుదలకు పనికొచ్చే సరుకవుతుంది. అంటే మొక్క విషాన్నే తిండిగా మార్చుకుంటుంది!

బర్రె కాలేయంలో కూడా విషాన్ని విరిచే ఎంజైము ఉంది. దానికీ గంధకం కావాలి. కొంచెం విషమైతే విరుస్తుంది. ఒకేసారి ఎక్కువైతే దానివల్ల కాదు. అప్పుడు పీల్చిన గాలి ఒంటికి పట్టదు. పశువు చచ్చిపోతుంది.

అందుకే డాక్టరు సోడియం థయోసల్ఫేట్ మందు ఇస్తారు. అందులో గంధకం ఉంది. ఆలస్యమైతే మందు పనిచేయదు. నాటువైద్యమని కూర్చోవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.

మనం ఏం చేయాలి?

- నాము ఉన్న చేలోకి పశువులను తోలవద్దు.
- వానల్లేక వాడిన లేత జొన్న మేపవద్దు. ఎండిన తర్వాత వాన పడి చిగిర్చిన జొన్నలో విషం ఇంకా ఎక్కువ.
- పచ్చిజొన్నను పూతకొచ్చాకే కోసి వేయాలి.
- ఆకలి మీదున్న పశువును జొన్న చేను దగ్గరికి పోనివ్వద్దు.

పాడి బర్రె పోతే ఇంటి ఆదాయమే పోతుంది. ఈ మాట పశువులు కాసే పిల్లలకూ చెప్పండి.

ఆలోచించండి: మీ ఊళ్లో నాము మేసి పశువులు చచ్చిపోయాయా? అప్పుడు ఏం చేశారు?