తుంబా నుండి శ్రీహరికోటకు

కేరళదేశమున తిరువనంతపురమునకు సమీపమున, సముద్రపుటొడ్డున తుంబా అను పల్లె కలదు. కొబ్బరితోటలు, ఇసుకతిన్నెలు, బెస్తవారి గుడిసెలు, ఒక క్రైస్తవ దేవాలయము, 1960 ప్రాంతమున అచ్చట నుండినవి ఇంతియే. అయినను భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ ఆ పల్లెకు మిక్కిలి చేరువగా పోవుచున్నది. ఆ రేఖకు పైన, నూరు కిలోమీటర్లకు మించిన యెత్తున, పగటివేళ బలమైన విద్యుత్ప్రవాహ మొకటి సాగుచుండును. దానిని శోధించుటకు అచ్చటినుండి రాకెట్టులను పంపుట సులభము. విక్రమ్ సారాభాయి ఆ చోటు నెన్నుకొనుటకు ముఖ్యకారణ మిదియే.

అయితే ఆ స్థలము శూన్యము కాదు. తరతరములుగా నివసించుచున్న బెస్తవారు ఇండ్లు విడువవలసియుండెను; దేవాలయమును సయితము వదలుకొనవలసియుండెను. బిషప్ పీటర్ బెర్నార్డు పెరీరా ఆ విన్నపమును భక్తుల యెదుట నుంచి, వారి సమ్మతిని బడసెను. విజ్ఞానచరిత్రలో ఆ బెస్తవారి పేర్లు కానరావు. ఆ దేవాలయమే శాస్త్రజ్ఞులకు తొలి కార్యాలయ మయ్యెను. నేడది అంతరిక్ష ప్రదర్శనశాల.

1963 నవంబరు 21వ తేదీ సాయంకాలమున తొలి రాకెట్టు సిద్ధమయ్యెను. అది అమెరికావారి 'నైక్ అపాచీ'. అందలి పరికరము ఫ్రాన్సు దేశపుది. దానిని పైకెత్తుచుండగా ఎత్తుయంత్రమున లోపమేర్పడి రాకెట్టు ఒక ప్రక్కకు ఒరుగసాగెను. మరమ్మతునకు వ్యవధి లేదు. అచ్చటివారందరు కలసి చేతులతోనే పట్టి దానిని నిలిపిరి. మరి కొంతసేపటికి మునిమాపు ఆకసమున సోడియపు ఆవిరి నారింజరంగు మేఘమై వెలిగెను.

ఉపగ్రహమును కక్ష్యలో నిలుపుటకు వేరొక తావు కావలసివచ్చెను. భూమి తూర్పునకు తిరుగును గనుక, తూర్పుగా ఎగయు రాకెట్టునకు ఆ వేగము తోడ్పడును. అట్టి దిక్కున జనావాసము లుండరాదు. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఆంధ్రదేశపు శ్రీహరికోట ఇందులకు తగియుండెను.

అచ్చటినుండి 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 ఎగసెను. దాని పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. రెండవ దశను అదుపుచేయు ఏర్పాటులో ఆమ్లము కారిపోవుటచే, అది కొలది నిమిషములలో సముద్రము పాలయ్యెను. ఏండ్ల శ్రమ! నిర్వాహకుడు అబ్దుల్ కలామ్ కుంగిపోయెను. సంస్థ అధ్యక్షుడు సతీశ్ ధావన్ పత్రికలవారి యెదుట తానే నిలిచి ఆ భారమును వహించెను. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి కక్ష్యను చేరినపుడు మాత్రము, మాటాడుటకు కలామునే ముందుకు పంపెను.

ఈ శ్రమయంతయు ఎందులకని అడుగువారు నాడును గలరు, నేడును గలరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు పదివేలమంది వరకు మరణించిరి. 1983లో అమెరికా వాహనముపై ఇన్సాట్-1బి ఆకసమును చేరెను. 1990 మే నెలలో మరియొక పెనుతుపాను కృష్ణాతీరముపై వచ్చిపడినది. ఉపగ్రహచిత్రములు దాని జాడను ముందుగనే తెలిపినవి. లక్షలకొలది జనులను అధికారులు ఇండ్లు విడిపించి తరలించిరి. ఆ తుపానున వేయిమందికి లోపుగా మరణించిరి.