లూధియానాలో ఉన్న చిన్నికి

గుంటూరు

చిన్నీ,

నీ మెసేజీ చదివి, మీ అమ్మతో కూడా మాట్లాడాకే ఇది రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం విని సగం మర్చిపోతావు. కాగితమైతే దాచుకుంటావు.

మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం క్లాసులో కళ్ళు మూతలు పడటం, రొట్టె తిన్న గంటకి కడుపుబ్బరం, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. అన్నీ వరసగా రాసి, చివర్లో ‘వారం నుంచి గోధుమలు మానేశాను పిన్నీ’ అన్నావు. ఆ ముక్క దగ్గరే నాకు గుండె గుభేలుమంది. మానాల్సి రావచ్చు, కాదనను. కానీ ముందు పరీక్ష, తర్వాత మానడం. నా ఉద్యోగమంతా ఆస్పత్రి డైట్ సెక్షనులోనే గడిచింది కదా, ఈ వరస తిరగేసుకుని వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. అప్పటికి రోగం ఉందో లేదో తేల్చడం డాక్టరుకీ కష్టమే. సీలియాక్ జబ్బున్నవాళ్ళు గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీను తింటే ఒళ్ళు తన సొంత ఎంజైము మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది, రక్తపరీక్ష పట్టుకునేది వాటినే. గోధుమ మానేస్తే అవి మెల్లగా తగ్గిపోతాయి, పరీక్ష బాగానే ఉందని వస్తుంది, నువ్వు బాగుండవు. అప్పుడు మళ్ళీ వారాల తరబడి రొట్టెలు తిని పరీక్షకి కూర్చోవాలి. వారమే అయింది కాబట్టి మించిపోయింది లేదు. రేపటి నుంచి రెండు పూటలా రొట్టె తిను, ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళు.

అడగాల్సిన పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడమను. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువ ఉంటుంది, అలాంటివాళ్ళలో మొదటి పరీక్ష అబద్ధం చెబుతుంది. టీటీజీ ఐజీఏ ఎక్కువగా వస్తే ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదట్లోంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. భయపడకు, కాసేపట్లో అయిపోతుంది. అదంతా అయ్యేదాకా గోధుమ ఆపకు.

నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే నీ కడుపుబ్బరం వల్ల కాదు. అది వందమందిలో వందమందికీ ఏదో ఒకరోజు ఉంటుంది. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా హిమోగ్లోబిన్ తొమ్మిది దాటలేదని మీ అమ్మ చెప్పింది, అదీ అసలు సంగతి. చిన్నపేగు లోపలి పొర టర్కీ టవలులా సన్నని పోగులతో ఉంటుంది, తిన్నదాన్ని పీల్చుకునేవి ఆ పోగులే. సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటిమీద పడి అరగదీసేస్తుంది. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ పేగు మొదటి భాగంలోనే, దెబ్బ ముందుగా తగిలేదీ అక్కడే. అందుకే చాలామందికి విరేచనాలేమీ ఉండవు, నీరసం, రక్తం పట్టకపోవడం మాత్రమే ఉంటాయి.

‘మన ఇళ్ళలో ఎవరికీ లేని జబ్బు దీనికెక్కడిది’ అని మీ అమ్మ ఒకటే గొడవ. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తరాదిలో వందకి ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఈ జబ్బు కనిపించింది. దీనికి దారితీసే జన్యువులు మాత్రం మన దగ్గరా బాగానే ఉన్నాయి, తేడా ఎక్కువగా కంచంలోనే. ఇక్కడున్నన్నాళ్ళూ ఎప్పుడో ఆదివారం పూరీ తిన్నావు, అక్కడ మూడు పూటలా రొట్టెలే. నీ జబ్బు అక్కడే మొదలైందని నేననను, అక్కడ బయటపడి ఉండొచ్చు అంటున్నాను. ఒక మంచి ఏమిటంటే, పంజాబు డాక్టర్లకి ఇది రోజూ చూసే జబ్బు.

అసలు గోధుమే కారణమని పట్టుకున్నది డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. 1944-45 చలికాలంలో హాలెండులో కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడిపోయారు. ఆయనకి అంతకుముందు నుంచే ఆ అనుమానం ఉంది, అప్పుడు గట్టిపడింది. ఈ రోజుకీ వైద్యం గోధుమ మానడమే, మందేమీ రాలేదు.

సీలియాక్ అని తేలిందనుకో, ఇక ‘కొంచెం తింటే ఏమవుతుందిలే’ అన్నమాట చెవిన పెట్టకు. మన దేశపు ఆహార చట్టంలో గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. పిండి అంటిన చెయ్యి, రొట్టె కాల్చిన పెనం కూడా లెక్కలోకొస్తాయి. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ, మాల్టు కలిపిన పొడులు అన్నీ బందు. కనిపించేవి సరే, కనపడని దొంగలు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్ద దొంగ ఇంగువ. మనకి దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదాయో కలుస్తుంది, డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది చూడు. పప్పులో గోధుమ ఉందని ఎవరనుకుంటారు! సోయాసాసు, రవ్వదోసె, హలీం, తాపేశ్వరం కాజా, మైసూరు బజ్జీ కూడా ఆ జాబితాలోవే. అన్నవరం ప్రసాదం గోధుమరవ్వతో చేసిందే. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళ చేతిలో పెట్టు, సత్యదేవుడేమీ అనుకోడు.

పిండిమర సంగతి వేరే చెప్పాలి. మన వీధి చివరి మరలో ముందున్నావిడ గోధుమలు దింపగానే వెనకావిడ జొన్నలు పోస్తుంది. గొట్టం చివర గుడ్డసంచి నిండా తెల్లపొడి అంటుకునే ఉంటుంది, ఆ జొన్నపిండిలో మొదటి దోసెడు గోధుమపిండే అనుకో. అందుకే మీ అమ్మని ఇంట్లో మిక్సీ పట్టమన్నాను. బజారు పిండి కొంటే ప్యాకెట్టు మీద గ్లూటెన్ లేదని ఉంటేనే కొను.

పోతే, గ్లూటెన్ లేదని అమ్మే ఖరీదైన బిస్కెట్లకి డబ్బు తగలెయ్యకు. గ్లూటెన్ లేదు, నిజమే, ఉన్నదంతా పంచదార, పిండి, నూనె. మన ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, జొన్నరొట్టె, అరిసెలు, సున్నుండలు, సకినాలు పుట్టుకతోనే గ్లూటెన్ లేని బాపతు, ఇంట్లో పట్టిన పిండితో చేస్తే ఎవరూ ముద్ర వెయ్యక్కర్లేదు.

అలా అని మూడు పూటలా తెల్లన్నం, ఆవకాయతో గడిపేస్తే నీరసం ఎక్కడికీ పోదు. గోధుమ మానినవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. పేగు మానడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఇనుము, ఫోలేటు, బీ12, డి విటమిన్ నింపుకోవాలి. ఫెరిటిన్, థైరాయిడ్ కూడా చూపించుకో. ఈ జబ్బున్నవాళ్ళకి థైరాయిడ్ తోడు రావడం మామూలే. వారానికోసారి కార్జం వేపుడు దొరికితే వదలకు. మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంత తేలిగ్గా ఆకుకూరలోది పట్టదు. గోంగూర తింటే రక్తం పడుతుందని మీ అమ్మమ్మ అనేది కానీ, పట్టేది కొంచెమే. పప్పులో, శనగల్లో నిమ్మకాయ పిండుకో. అన్నం తిన్న వెంటనే టీ తాగకు, గంట ఆగు. అక్కడ గ్లాసుల కొద్దీ టీ తాగుతావని విన్నాను. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మొలకెత్తించి ఎండబెట్టి ఇంట్లో పిండి పట్టుకుంటే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

మెస్సులో నీకు రాజ్మా చావల్, కఢీ చావల్ ఉన్నాయి, పోపులో ఇంగువ లేకుండా చూసుకో. చలికాలం మక్కీ రొట్టె కనిపిస్తే తొందరపడి తీసుకోకు. పిండి విరిగిపోకుండా కాస్త గోధుమపిండి కలుపుతారు చాలాచోట్ల, అడిగి తిను. వంటాయనకి నాలుగు మాటలు చాలు: గేహూ (గోధుమ), మైదా, సూజీ (రవ్వ), జౌ (బార్లీ). ‘ఇవి పడవు, డాక్టరు వద్దన్నాడు’ అను. ఇష్టం లేదంటే వినడు, డాక్టరంటే వింటాడు.

పరీక్షలో ఏమీ లేదని తేలితే అప్పుడు వేరే దారి. గోధుమలో ఫ్రక్టాన్లనేవి కూడా ఉంటాయి, కొందరికి కడుపుబ్బేది వాటివల్లే. ఉల్లి, వెల్లుల్లిలోనూ అవే. ఆ సంగతి అప్పుడు చూద్దాం, ఇప్పుడే ఉల్లిపాయ కూడా మానెయ్యకు తల్లీ. ఉందని తేలితే మాత్రం అమ్మ, నాన్న, తమ్ముడు ముగ్గురూ పరీక్ష చేయించుకోవాలి. ఒకే ఇంట్లో వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. మీ నాన్నకి నేను చెబుతాను, నీ మాట వినడు.

మొలకల రాగిపిండి, ఇంట్లో పట్టిన జొన్నపిండి, సున్నుండలు, బియ్యప్పిండితోనే కట్టిన ఇంగువ శనివారం పార్సిలు చేస్తున్నాను. సున్నుండలు రూములో అందరికీ పంచేసెయ్యకు. రక్తపరీక్ష ఇచ్చిన రోజే నాకు ఫోను చెయ్యి, రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు. అమ్మకి నేను నెమ్మదిగా చెబుతాను.

ఆశీస్సులతో
నీ పిన్ని