ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది – ఎందువలన?

కంటి నల్లగుడ్డు నడుమ ఉండే గుండ్రని రంధ్రమే కంటిపాప. వెలుతురులో అది కుంచించుకొనును, చీకటిలో విప్పారును. రెండు పాపలూ ఒకే కొలతలో మారవలెను. తేడా కనిపించినపుడు ఇంటివారు కంగారుపడుట సహజమే. అయితే ప్రతి 5 మందిలో సుమారు ఒకరికి సహజంగానే కొద్ది తేడా ఉంటుంది. అది 1 మిల్లీమీటరు లోపు ఉండి, ఎండలోను చీకటిలోను ఒకే రీతిగా ఉండి, రెప్ప వాలకుండా, చూపు చెడకుండా ఉన్నచో జబ్బు కాదు. పాత ఫోటోలు తీసి చూడండి. వాటిలోనూ అదే తేడా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చును.

రెండింటిలో చెడినది ఏది? వెలుతురులో తేడా ఎక్కువైతే పెద్దపాప కుంచించుకొనుట లేదన్నమాట. చీకటిలో ఎక్కువైతే చిన్నపాప విప్పారుట లేదన్నమాట. డాక్టరుగారు మొదట చూసేది ఇదే.

సేద్యం చేసే మనకు ముఖ్యముగా చెప్పదలచినది ఉమ్మెత్త గురించి. నర్సాపూర్ వైపు గట్ల మీద, పెంటకుప్పల దగ్గర ఇది కనిపిస్తూనే ఉంటుంది. గడ్డి కోస్తూ దానిని పీకి, అదే చేతితో కన్ను నలుపుకుంటే ఆ రసంలోని అట్రోపిన్ వంటి విషము ఆ ఒక్క కంటిపాపను బాగా పెద్దది చేయును. దగ్గరి చూపు మసకబారును, ఎండకు కన్ను తెరవలేరు. నొప్పి ఉండదు, రెప్ప వాలదు. కొన్ని రోజులలో దానంతట అదే తగ్గును. కన్ను మంచినీటితో కడిగి, ఏ మొక్క ముట్టుకున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వలన అనవసరమైన తల స్కానింగు ఖర్చు తప్పవచ్చును. పురుగుమందు తుంపర ఒక కంట్లో పడితే ఇందుకు విరుద్ధంగా ఆ పాప చిన్నదగును. చెమట, చొంగ, వాంతులు కూడా ఉంటే మందు ఒంటికి పట్టిందని అర్థం. డబ్బా వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఇక ఆలస్యం పనికిరాని సంగతి. మెదక్ రోడ్డు మీద పాలక్యాన్లతో మోటారుసైకిలుపై వెళ్ళే సభ్యులు ఎందరో ఉన్నారు. పడి తలకు దెబ్బ తగిలినవారు మొదట బాగానే మాట్లాడవచ్చును. కొన్ని గంటల తరువాత మత్తుగా పడి, ఒక పాప పెద్దదై వెలుతురుకు కదలకపోతే తలలో రక్తం చేరి మెదడును నొక్కుతున్నదని అనుమానించవలెను. “పడుకోనీ, పొద్దున చూద్దాం” అనరాదు. వెంటనే 108కు ఫోను చేయండి. దెబ్బ లేకున్నా, హఠాత్తుగా భరించరాని తలనొప్పితో రెప్ప వాలి, పాప పెద్దదైతే అదీ అంతే ప్రమాదము. కన్ను ఎర్రబడి నొప్పితో పాప మారితే కంటి ఆసుపత్రికి అదే రోజు పోవలెను. రెప్ప కొద్దిగా వాలి పాప చిన్నదైతే మెడ నరములు, ఊపిరితిత్తి పైభాగము పరీక్షించవలసి ఉండును. బీడీ అలవాటున్నవారు దీనిని తేలికగా తీసుకొనరాదు.

పశువులకూ ఇది వచ్చును. వాటి పాప గుండ్రముగా కాక అడ్డముగా ఉండునని ఎరుగుదురు. ఈనిన ఆవుకు పాలజ్వరం వచ్చినపుడు రెండు పాపలూ విప్పారును. వట్టి వరిగడ్డి మీద పెరిగే దూడకు ‘ఎ’ విటమిను తగ్గినపుడూ అంతే, రేచీకటి కూడా తోడగును. ఒక్క వైపే పాప చిన్నదై, రెప్ప వాలి, ముట్టె ఆ వైపున పొడిగా ఉంటే మెడ నరమునకు దెబ్బ తగిలి ఉండవచ్చును. మెడ రక్తనాళము పక్కకు సూదిమందు పడినప్పుడు ఇట్లు జరుగుట కలదు. సంచార పశువైద్య వాహనమునకు 1962కు ఫోను చేసినపుడు ఏ వైపు సూది వేశారో, ఎన్నాళ్ళ క్రితమో డాక్టరుగారికి చెప్పండి.