రేవు కూలీల గుండె

అక్కలూ చెల్లెళ్ళూ, మన మల్కాపురం పక్కనే రేవు ఉంది కదా. బరువులు మోస్తే గుండె అరిగిపోతుందని పెద్దవాళ్ళు అంటారు. పాఫెన్‌బార్గర్ అనే అమెరికా డాక్టరు సరిగ్గా ఇదే పరిశోధించారు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో 6,351 మంది కార్మికుల లెక్క 22 ఏళ్ళపాటు చూసి, 1975లో ప్రకటించారు. బరువు పని చేసేవాళ్ళలో గుండె జబ్బు చావులు తేలిక పనివాళ్ళలో కంటే బాగా తక్కువట!

గుండె కూడా కండరమే. పని చెబితే బలపడుతుంది, ఒక్కసారి కొట్టుకుంటే ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకని ఊరికే కూర్చున్నప్పుడు తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నిమిషం లెక్కపెట్టండి. రోజూ కొండెక్కి కట్టెలు తెచ్చే మా అమ్మకి 62. నాకు 84. చిన్నవాళ్ళకి కొంచెం ఎక్కువే ఉంటుందిలే, కానీ ఇక్కడ నేనెక్కేది మేడ మెట్లే.

ఇది పట్నం జబ్బు అనుకోకండి. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో చావుల కారణాలు రాస్తే, మూడోవంతు దాకా గుండె, రక్తనాళాల జబ్బులే.

వచ్చే ఏడు టెన్త్‌లో ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెడతారంటున్నారు. వార్డెన్ మేడం గారూ, సాయంత్రం అరగంట కబడ్డీ మాకు ఉంచండి.