స్కిపియో వంశము – రోమన్ గణతంత్రము

ప్రాచీన రోము చరిత్ర ఒక విధంగా కొన్ని కుటుంబాల చరిత్ర. అచటి సమాజంలో పెట్రీషియన్లు అనబడే కులీనులు, ప్లెబియన్లు అనబడే సామాన్యులు అని రెండు వర్గాలుండేవి. క్రీ.పూ. 367 నాటి శాసనాలతో అత్యున్నతమైన కాన్సల్ పదవి ప్లెబియన్లకూ అందుబాటులోకి వచ్చినా, కులీన వంశాల పలుకుబడి తగ్గలేదు. అట్టి వంశాలలో ఒకటైన స్కిపియో కుటుంబాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

పబ్లియస్ కొర్నీలియస్ స్కిపియో అనే పేరులో మొదటిది వ్యక్తినామము, రెండవది గోత్రనామము, మూడవది మన ఇంటిపేరు వంటిది. ఈ వంశీయుడైన బార్బేటస్ క్రీ.పూ. 298లో కాన్సల్ అయ్యాడు. అపియన్ మార్గం చెంతనున్న వంశ సమాధిలో లభించిన అతని శవపేటికపై అతని పదవులు, విజయాలు చెక్కబడి ఉన్నాయి. పూర్వుల కీర్తికి తగినట్లు జీవించడం ఆ ఇంటి బిడ్డలకు విధి.

క్రీ.పూ. 211లో తండ్రి, తండ్రి సోదరుడు స్పెయిన్ యుద్ధంలో మరణించగా, ఇరువది అయిదేండ్ల ప్రాయంలో సేనాధిపత్యం వహించిన యువకుడే తరువాత ఆఫ్రికానస్‌గా ప్రసిద్ధుడయ్యాడు. క్రీ.పూ. 202లో జామా వద్ద హానిబాల్‌ను ఓడించిన ఆ వీరుడు చివరకు రాజకీయ ప్రత్యర్థుల అభియోగాలతో విసిగి, రోమును వీడి లిటర్నమ్ గ్రామసీమలో కన్నుమూశాడు.

అతని కుమార్తె కొర్నీలియా ప్లెబియన్ వంశీయుడైన గ్రాకస్‌ను వివాహమాడింది. ఆమె పెద్దకుమారుడు టైబీరియస్ క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్‌గా, ధనికులు పరిమితికి మించి ఆక్రమించిన ప్రభుత్వ భూములను పేద రైతులకు పంచే శాసనం చేయించాడు. సెనేటు సభ్యులు పలువురు కోపించారు. ప్రధాన పురోహితుడైన స్కిపియో నాసికా నాయకత్వంలో వారు దుడ్డుకర్రలతో, విరిగిన బల్లల కోళ్ళతో టైబీరియస్‌ను, అతని అనుచరులు మూడు వందల మందికి పైగా కొట్టి చంపారు. శవాలను టైబర్ నదిలో పడవేశారు. ఈ నాసికా కూడా ఆఫ్రికానస్ కూతురి బిడ్డయే! క్రీ.పూ. 121లో చిన్నకుమారుడు గయస్ కూడా అదే ఆశయానికై బలి అయ్యాడు.

ఒకే తాత మనుమలలో ఒకడు పేదలకు భూమి కోరాడు. మరొకడు అతని ప్రాణం తీశాడు. కావున వంశమే గుణాన్ని నిర్ణయిస్తుందనే మాట నిలువదు. రోములో కొర్నీలియాకు ప్రతిమ నిలిపారు. నేటికీ మిగిలియున్న దాని పీఠంపై ఆమె ఆఫ్రికానస్ పుత్రికగా, గ్రాకస్ సోదరుల తల్లిగా పేర్కొనబడింది. తండ్రి విజయం ఆమెకు పుట్టుకతో వచ్చింది. కుమారుల త్యాగం ఆమె పెంపకం వల్ల వచ్చింది. విద్యార్థులమైన మనం ఈ రెండవ కీర్తినే ఎక్కువగా మననం చేసుకోవాలి.